క్రీడ్‌మూర్‌లో ఆఖరి గుండు

యథార్థ గాథ

తుపాకీ పేలింది. పొగ ముఖం మీదికి కమ్ముకుంది. ఐర్లాండ్ జట్టు ఆటగాడు జె.కె. మిల్నర్ గడ్డిమీద నుంచి కదల్లేదు. చెవులు రిక్కించాడు.

గుండు అంత దూరం వెళ్లి ఇనప పలకకు తగిలితే, ఆ చప్పుడు తిరిగి రావడానికి రెండు సెకన్లకు పైనే పడుతుంది. వచ్చింది. సీసం ఇనుముకు కొట్టుకున్న మొద్దు చప్పుడు. గురి తప్పలేదన్నమాట. పైగా గుండు తగిలింది బుల్స్ ఐకే. సరిగ్గా నట్టనడుమ ఉన్న నల్ల చదరానికి.

కాకపోతే అది అతని పలక కాదు. మరొకరిది.

అక్కడ వరసగా నిలబెట్టిన పలకలన్నీ ఒకేలా ఉంటాయి. అంత దూరం నుంచి, పొగలో, ఎండలో, చిన్న చిల్లిలోంచి ఒంటికంటితో చూస్తుంటే ఒకటి అనుకుని మరొకటి చూడటం అనుభవజ్ఞులకూ జరిగేదే. నిబంధన మాత్రం ఎవరి అనుభవాన్నీ చూడదు. పరాయి పలక మీద కొట్టిన గుండుకు సున్నా. రావాల్సిన నాలుగు పాయింట్లు పోయాయి.

ఆటలో ఇంకా వందకు పైగా గుండ్లు మిగిలి ఉన్నాయనో ఏమో, నాలుగు పాయింట్ల కోసం అక్కడ ఎవరూ గుండెలు బాదుకోలేదు. సాయంత్రం లెక్క తేలినప్పుడు ఆ నాలుగే గుర్తొచ్చాయి.

అది 1874 సెప్టెంబరు 26, శనివారం. న్యూయార్క్ నగరానికి తూర్పున లాంగ్ ఐలాండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానం. రెండేళ్ల కిందటి వరకూ అది క్రీడ్ అనే కుటుంబం పొలం. అమెరికా రైఫిల్ సంఘం 1871లో పుట్టాక, న్యూయార్క్ రాష్ట్రం ఇచ్చిన డబ్బుతో ఆ భూమిని కొని గురి మైదానంగా మార్చారు. బల్లపరుపు నేల. ఒక కొసన కాల్చేవాళ్లు, మరో కొసన ఇనప పలకలు. ఆ రోజు నగరం నుంచి రైళ్లు నిండా జనం దిగారు. ఆడవాళ్లు గొడుగులతో, మగవాళ్లు దుర్భిణులతో వేలమంది తాళ్ల వెనక నిలబడ్డారు. తుపాకీ పోటీ చూడటానికి అంత జనం రావడం ఆ దేశంలో అంతకు ముందు ఎరగరు.

* * *

కథ మొదలైంది అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున.

లండన్ దగ్గర వింబుల్డన్‌లో అప్పట్లో ఏటా పెద్ద రైఫిల్ పోటీలు జరిగేవి. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లాండ్ జట్లు తలపడే ఎల్చో షీల్డ్ అంటే దూరపు గురిలో అంతకు మించిన గౌరవం లేదు. 1873లో ఆ షీల్డ్‌ను ఐర్లాండ్ మొట్టమొదటిసారి గెలిచింది. గెలిచినవాడికి కొత్త ప్రత్యర్థి కావాలిగా. ఐర్లాండ్ జట్టు నాయకుడు మేజర్ ఆర్థర్ లీచ్ న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక ద్వారా అమెరికా రైఫిల్‌వాలాలందరికీ సవాలు విసిరాడు. జట్టుకు ఆరుగురు. 800, 900, 1000 గజాలు. ఒక్కో దూరంలో తలా పదిహేను గుండ్లు. మేం మా దేశంలో తయారైన తుపాకులతో వస్తాం, మీరు మీ దేశపు తుపాకులతో రండి. ఇదీ షరతు.

సవాలు అందుకున్నది న్యూయార్క్‌లోని అమెచ్యూర్ రైఫిల్ క్లబ్. పుట్టి ఎన్నాళ్లో కాని క్లబ్బు. వెయ్యి గజాల దూరంలో కాల్చిన అనుభవం అందులో దాదాపు ఎవరికీ లేదు. అది ఒక లోటు. దానికన్నా పెద్ద లోటు ఇంకొకటి ఉంది. ఆ దూరానికి పనికొచ్చే పోటీ తుపాకీ అమెరికాలో అంగడిలో దొరికే సరుకు కాదు. ఎవరో ఒకరు కూర్చుని కొత్తగా తయారు చేయాలి. నెలల్లో చేయాలి.

అయినా క్లబ్బు 'సరే' అంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముచ్చటైన చోటు ఇదే. చేతిలో తుపాకీ లేదు, చేసిన అనుభవం లేదు. ఎదుట ఉన్నది బ్రిటన్ దీవుల చాంపియన్లు. పందెం ఒట్టి మాట కాదు, జట్టుకు 500 డాలర్లు. ఆ రోజుల్లో ఓ పనివాడి ఏడాది సంపాదనకు అటూఇటూ.

తుపాకుల తయారీకి రెండు కంపెనీలు ఒప్పుకున్నాయి. ఒకటి హార్ట్‌ఫర్డ్‌లోని షార్ప్స్. రెండోది న్యూయార్క్ రాష్ట్రం మధ్య భాగంలో ఇలియన్ అనే చిన్న ఊరిలోని రెమింగ్టన్.

* * *

రెమింగ్టన్ పేరు వచ్చింది కాబట్టి, ఓ యాభై ఎనిమిదేళ్లు వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే ఇంటి దగ్గర పోటీ తుపాకీ చేసుకున్న ముచ్చట అక్కడుంది.

1816. మోహాక్ లోయలో ఇలియన్ దగ్గర ఓ వాగు. వాగు ఒడ్డున ఓ కొలిమి. నాగళ్లు, లాడాలు, పనిముట్లు చేసే కొలిమి. దాని యజమాని కొడుకు ఎలిఫలెట్ రెమింగ్టన్‌కు అప్పటికి ఇరవై మూడేళ్లు. కుర్రాడికి తుపాకీ కావాలి. కొనుక్కునే బదులు తానే చేసుకుంటానని కూర్చున్నాడట. నాన్న కొలిమిలోనే ఇనుము కాల్చి, కడ్డీ చుట్టూ సమ్మెటతో సాగగొట్టి, అతుకు పెట్టి గొట్టం చేశాడు. లోపల మెలితిరిగే గాడులు తీయడం మాత్రం అతనికి చేతకాలేదు. అందుకు సరంజామా కావాలి. గొట్టాన్ని భుజాన వేసుకుని యుటికా పట్నం నడిచి, అక్కడి తుపాకీ పనివాడి చేత గాడులు తీయించుకు వచ్చాడు. ఆ తుపాకీతోనే ఓ గురి పోటీలో నిలబడి రెండో స్థానం తెచ్చుకున్నాడు. చూసినవాళ్లు 'మాకూ ఇలాంటిది చేసిపెట్టు' అని వెంటపడ్డారు. రెమింగ్టన్ ఇంటివాళ్లు తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. ప్రతి పెద్ద కంపెనీకీ ఇలాంటి పురాణం ఒకటి ఉంటుంది కాబట్టి కొంత తగ్గించుకునే వినాలి. కాని వాగు నిజం, కొలిమి నిజం, 1828లో ఈరీ కాలువ పక్కకు మారి పెద్ద కార్ఖానా అయిన మాటా నిజం.

(మన పాఠకుల్లో చేతిపని మీద మోజున్న కుర్రాళ్లకు ఒక మాట. అది 1816 నాటి అమెరికా. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం నేరం. సరదాకి చేశానంటే పోలీసులు వినరు.)

ఆ ఎలిఫలెట్ 1861లో పోయాడు. అంతర్యుద్ధం కాలంలో కార్ఖానా పెరిగింది. క్రీడ్‌మూర్ సవాలు వచ్చేనాటికి కొడుకులు నడుపుతున్నారు. వాళ్ల దగ్గర సైన్యాలకు టోకున అమ్మే తుపాకీ ఉంది. వెనక భాగంలో ఉక్కు దిమ్మ ఒకటి వెనక్కి దొర్లి తెరుచుకునే తుపాకీ. గట్టిది, చవకది, మొరాయించదు. అయితే సైనికుడి తుపాకీ వేరు, వెయ్యి గజాల పోటీ తుపాకీ వేరు.

ఆ తేడాను పూడ్చే పని ఎల్.ఎల్. హెప్‌బర్న్ చేతికి వచ్చింది.

హెప్‌బర్న్ కార్ఖానాలో వేట తుపాకుల విభాగానికి ఫోర్‌మన్. అంతకు ముందు కోల్టన్ అనే ఊళ్లో సొంత కొట్టు పెట్టుకుని, వచ్చిన మనిషి భుజం కొలత చూసి తుపాకీ చేసిచ్చిన పనివాడు. స్వయంగా మంచి గురికాడు. అతనికి ఇచ్చిన గడువు నెలల్లో ఉంది. నిబంధనలు కచ్చితంగా ఉన్నాయి. తుపాకీ బరువు పది పౌన్లకు, అంటే నాలుగున్నర కిలోలకు, మించకూడదు. ట్రిగ్గర్ మూడు పౌన్ల లాగుడుకు తక్కువలో పేలకూడదు. దుర్భిణి అద్దాలు పెట్టకూడదు. తుపాకీని ఆనించడానికి కర్రా, సంచీ ఏదీ ఉండకూడదు. మనిషి ఒళ్లే ఆసరా.

వెయ్యి గజాలంటే 914 మీటర్లు. లక్ష్యం పలక పన్నెండడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. మధ్యలో మూడడుగుల నల్ల చదరం. అక్కడ తగిలితే 4. దాని చుట్టూ ఆరడుగుల చదరంలో తగిలితే 3. మిగతా అంచుల్లో 2. ఇంటి గోడమీద కిటికీ అంత చదరం పెద్దదే అనిపించవచ్చు. కిలోమీటరు దూరం నుంచి కాస్త చూడండి, తెలుస్తుంది. అప్పటి మందు నేటి పొగలేని మందు కాదు. గుండు మెల్లగా పోతుంది. అక్కడికి చేరడానికి మూడు సెకన్లకు పైగా తీసుకుంటుంది. దారి మధ్యలో నాలుగంతస్తుల ఎత్తుకు లేచి మళ్లీ కిందికి వంగి వస్తుంది. ఆ మూడు సెకన్లలో పక్కగాలి ఓ మోస్తరుగా వీచినా గుండును అడుగుల కొద్దీ పక్కకు నెడుతుంది.

అలాంటి గుండుకు దారి చూపే సాధనం తుపాకీ కర్ర మెడమీద నిలబెట్టిన ఓ సన్నని పట్టీ. పట్టీకి ఓ బిళ్ల, బిళ్లలో సూదిమొనంత చిల్లి. పక్కన మర. మర తిప్పితే బిళ్ల వెంట్రుకవాసి చొప్పున పైకీ కిందికీ జరుగుతుంది. పట్టీ అంచున గీతలు. ఆ గీతల పక్కనే మరో చిన్న గీతల వరస. రెంటిలో ఏ గీత ఏ గీతతో కలిసిందో చూస్తే అంగుళంలో నూరో వంతు కూడా చదవొచ్చు. హైస్కూలు ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకున్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే, అదే సూత్రం. అంగుళంలో ఆ నూరో వంతు జరిగితే వెయ్యి గజాల అవతల గుండు తొమ్మిది పది అంగుళాలు జరుగుతుంది. ముందువైపు, గొట్టం మూతి దగ్గర మరో గురి, ఓ చిన్న చుట్టు. తుపాకీ పక్కకు ఒరిగిందో లేదో చెప్పడానికి అక్కడ నీటిబుడగ మట్టం. కంటి దగ్గర చిల్లి, మూతి దగ్గర చుట్టు, దూరంగా నల్ల చదరం, పక్కన నిలవని నీటిబుడగ. ఈ నాలుగూ ఒక్క క్షణం పొందికగా కుదరాలి.

గొట్టం సంగతి మరీ నిదానం. ముప్ఫై నాలుగు అంగుళాల ఉక్కు కడ్డీని ఈ కొస నుంచి ఆ కొసకు వంకర లేకుండా తొలచాలి. లోపలి గాడులు ఒక్క దెబ్బకు రావు. కోతపనిముట్టును మళ్లీ మళ్లీ లాగుతూ పోవాలి, ప్రతి లాగుడుకూ కాగితం కన్నా పలచటి పొర ఊడుతుంది. తొందరపడితే గొట్టం చెత్తబుట్టలోకి. పోటీ తుపాకీకి గుండు కూడా మామూలుది కాదు. పొడవాటి సీసపు గుండు. సీసం గొట్టానికి రాసుకోకుండా దాని చుట్టూ పలచటి కాగితం చుట్టాలి. ఆ పని కాల్చేవాడే రాత్రిళ్లు కూర్చుని చేసుకునేవాడు.

వసంతం గడిచేసరికి తుపాకీ సిద్ధమైంది. దాని పేరు కూడా మైదానం పేరే, క్రీడ్‌మూర్.

* * *

అసలు వాదం ఒకటి ఈ పోటీ వెనక నడుస్తోంది. అది తెలియకపోతే ఈ మ్యాచ్‌కు అంత వేడి ఎందుకు పుట్టిందో అర్థం కాదు.

ఐర్లాండ్ జట్టువి మూతి నుంచి దట్టించే తుపాకులు. ప్రతిసారీ లేచి నిలబడాలి, మందు కొలిచి పోయాలి, గుండును కడ్డీతో జాగ్రత్తగా కిందికి దించాలి. ఆలస్యం. కాని ఆ ఆలస్యంలోనే కచ్చితత్వం ఉందని పాతకాపుల నమ్మకం. గుండు ప్రతిసారీ ఒకే తీరుగా, గొట్టానికి అతికినట్టు కూర్చుంటుంది. వెనక నుంచి తూటా పెట్టే కొత్త తుపాకీ యుద్ధానికి బాగుంటుంది, వేటకు బాగుంటుంది, వెయ్యి గజాల గురికి నిలవదు. ఇదీ అప్పటి పెద్దల తీర్పు.

ఆ పాత తుపాకులు చేసింది డబ్లిన్‌లోని రిగ్బీ దుకాణం. తరతరాల పేరున్న ఇల్లు. దాని యజమాని జాన్ రిగ్బీ కూడా ఆ జట్టులో ఆటగాడే. తను చేసిన తుపాకీ తనే పట్టుకుని ఓడ దిగాడు.

ఇటు హెప్‌బర్న్ కూడా అంతే. తుపాకీ చేసిచ్చి పక్కకు తప్పుకోలేదు. జట్టులోకి ఎంపికై గడ్డిమీద పడుకున్నాడు. షార్ప్స్ తరఫున వచ్చిన జి.డబ్ల్యు. యేల్ సైతం ఆ కార్ఖానా మనిషే. పన్నెండుమంది ఆటగాళ్లలో ముగ్గురు, ఆ ముగ్గురూ మూడు కార్ఖానాల చేతిపనికి జవాబుదారులు. నేటి ఒలింపిక్స్‌లో ఇలాంటి దృశ్యం ఊహించలేం. తుపాకీ ఒకడిది, తూటా ఒకడిది, కోటు ఒకడిది, కాల్చేవాడు ఇంకొకడు.

అమెరికా జట్టులో ఫుల్టన్, బొడైన్, హెప్‌బర్న్‌ల చేతుల్లో రెమింగ్టన్‌లు. డేకిన్, గిల్డర్‌స్లీవ్, యేల్‌ల చేతుల్లో షార్ప్స్. జట్టు నాయకుడు జార్జ్ వింగేట్. అవతల రిగ్బీ, మిల్నర్, ఎడ్మండ్ జాన్సన్, జేమ్స్ విల్సన్, డాక్టర్ హ్యామిల్టన్, కెప్టెన్ వాకర్.

* * *

800 గజాలతో మొదలైంది. కొందరు బోర్లా పడుకున్నారు. కొందరు వెల్లకిలా పడుకుని, కాళ్ల మీద గొట్టాన్ని ఆనించి, తల కాస్త లేపి చూస్తున్నారు. కొత్తగా చూసినవాళ్లకు నవ్వొచ్చే భంగిమ. నవ్వినవాళ్లు త్వరలోనే నోరు మూసుకున్నారు. ఒక్కో గుండుకూ పలక దగ్గర గుంటలోంచి బిళ్ల లేస్తోంది. తెల్లదైతే బుల్స్ ఐ. ఎర్రదైతే మూడు. నల్లదైతే రెండు. తెల్లబిళ్ల లేచినప్పుడల్లా తాళ్ల వెనక జనం ఊగిపోతున్నారు.

మొదటి దూరం ముగిసింది. అమెరికా 326, ఐర్లాండ్ 317. తొమ్మిది పాయింట్ల ఆధిక్యం. మధ్యలో గుడారాల్లో విందు. అతిథులకు మర్యాదలు. ఎండ ముదిరింది.

900 గజాలు. కథ తిరగబడటం మొదలైంది. ఐర్లాండ్ 312, అమెరికా 310. రెండు పాయింట్లే పూడాయి కాని, దూరం పెరిగే కొద్దీ పాత తుపాకీ మెరుగవుతోందన్న అనుమానం జనంలోకి పాకింది. ఆధిక్యం ఇప్పుడు ఏడు.

ఇక వెయ్యి గజాలు.

అలసట మొదలయ్యేది ఇక్కడే. భుజానికి అప్పటికే ముప్ఫై సార్లు దెబ్బ తగిలి ఉంటుంది. కళ్లు మంటలు. నేల వేడెక్కి పైన గాలి అలల్లా కదులుతుంటే నల్ల చదరం నిలవదు, తేలుతుంది. పేలిన ప్రతిసారీ గొట్టంలో మసి పేరుకుంటుంది. గుడ్డ చుట్టిన కడ్డీతో తుడవాలి. తుడిచింది ఎక్కువైనా తక్కువైనా తర్వాతి గుండు దారి మారుతుంది. ఐర్లాండ్‌వాళ్లు తొణకలేదు, బెణకలేదు. వెయ్యి గజాల దగ్గర వాళ్ల మొత్తం 302. వాళ్ల వంతు అయిపోయింది. మూడు దూరాలూ కలిపి 931.

అమెరికా వైపు లెక్క గుమాస్తా పుస్తకంలో మెల్లగా ఎక్కుతోంది. ఏడు పాయింట్ల ఆధిక్యం కరిగి, కరిగి, చివరికి అడుగంటింది. ఐర్లాండ్ 931 దగ్గర ఆగి ఉంది. అమెరికా 930 దగ్గరికి వచ్చింది.

మిగిలింది ఒక్క మనిషి. ఒక్క గుండు.

* * *

ఆ మనిషి కల్నల్ జాన్ బొడైన్. హడ్సన్ నది ఒడ్డున హైలాండ్ అనే ఊరివాడు. చేతిలో రెమింగ్టన్.

ఆఖరి గుండుకు కాస్త ముందు దాహం వేసి జింజర్ బీర్ తెమ్మన్నాడు. మన గోలీ సోడాలాగే గ్యాసు నిండిన సీసా. ఎండలో వేడెక్కి ఉందో, గాజే నాసిరకమో, చేతిలో ఉండగానే పేలిపోయింది. అరచేతిలో గాజు దిగింది. అది కుడిచేయి. ట్రిగ్గర్ మీద వేలు పెట్టాల్సిన చేయి.

రక్తం ధారగా కారుతోంది. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాల్లో రక్తం లేదు.

చిన్న గాయమే కావచ్చు. ఇంట్లో అయితే పసుపు అద్ది మరిచిపోయేదే. కాని ఇక్కడ పట్టు కొద్దిగా మారినా, నొప్పికి కండరం ఓసారి జివ్వున లాగినా, ఆ కదలిక వెయ్యి గజాల అవతల అడుగులై కనిపిస్తుంది. 4 వస్తే గెలుపు. 3 వచ్చినా, 2 వచ్చినా గెలుపే, ఒట్టి అంకెలు చూస్తే. కాని ఇప్పుడు గుండు పలకకే తగలకపోతే ఒక్క పాయింటుతో ఓటమి. పలక మొత్తం తప్పడమన్నది ఆ దూరంలో, ఆ రోజు, వింతేమీ కాదు.

బొడైన్ చేతిరుమాలు చుట్టుకున్నాడు. మళ్లీ పడుకున్నాడు. తుపాకీ భుజానికి చేర్చాడు. తాళ్ల వెనక వేలమంది ఉన్నారు, ఒక్కరి గొంతూ లేవలేదని అక్కడున్న పత్రికలవాళ్లు రాశారు. రుమాలు ఎర్రబడుతోంది. చిల్లిలో చుట్టు, చుట్టులో చదరం, నీటిబుడగ నడుమకు రావాలి. అతను తొందరపడలేదు. అటువంటి మనిషి కాబట్టే తర్వాత అతనికి 'నమ్మదగ్గ ముసలాయన' అనే ముద్దుపేరు స్థిరపడింది.

పేలింది.

మూడు సెకన్లు గుండు ప్రయాణం. మరో రెండున్నర సెకన్లు చప్పుడు వెనక్కి రావడానికి. దాదాపు ఆరు సెకన్లు ఎవరికీ ఏమీ తెలియదు. పొగ పక్కకు జరిగింది. ఇనుము మోగింది. జనం ఇంకా నోరు తెరవలేదు. తగిలింది ఎక్కడో తెలియాలి.

గుంటలోంచి బిళ్ల లేచింది. తెల్లది.

తాళ్లు తెగాయి. జనం మైదానం మీద పడ్డారు. బొడైన్‌ను లేవనెత్తి భుజాలకెత్తుకున్నారు. 934 – 931.

* * *

కాసేపు ఆ గోల పక్కన పెట్టి స్కోరు కార్డు చదువుదాం. నా మటుకు అసలు కథ అందులోనే ఉంది.

తుపాకులు చేసిన ముగ్గురిలో రిగ్బీ 163. తన జట్టులో అందరికన్నా ఎక్కువ. యేల్ 162. రిగ్బీ కన్నా ఒక్కటే తక్కువ. హెప్‌బర్న్ 149. అంటే చేసినవాళ్ల మధ్య పోటీ పెడితే డబ్లిన్ గెలిచింది, ఇలియన్ చిట్టచివర నిలిచింది.

ఇప్పుడు ఇంకో వరస చూడండి. ఆ రోజు పన్నెండుమందిలోకీ అగ్రస్థానం హెన్రీ ఫుల్టన్‌ది. 180కి 171. అతని చేతిలో ఉన్నది హెప్‌బర్న్ తయారుచేసిన తుపాకీ. బొడైన్ 158, అదీ హెప్‌బర్న్ తుపాకీయే. మూడు రెమింగ్టన్‌లూ కలిసి 478 తెస్తే, మూడు షార్ప్స్ కలిసి తెచ్చినవి 456. గిల్డర్‌స్లీవ్ 155, డేకిన్ 139. హెప్‌బర్న్ తను కాల్చి తెచ్చింది తక్కువ. చేసి ఇచ్చి తెచ్చింది ఎక్కువ. ఫుల్టన్ స్వతహాగా ఇంజినీరు. ప్రతి గుండుకూ గాలి, వెలుతురు లెక్కవేసుకునే రకం. మంచి చేతిపని మంచి చేతిలో పడితే 171 వస్తుంది. చేసినవాడి చేతిలో పడితే రావాలని లేదు.

అవతలి కార్డులో హ్యామిల్టన్ 160, విల్సన్ 160, జాన్సన్ 150, వాకర్ 144. మిల్నర్ 154. ఆ 154లో పరాయి పలక మీద కొట్టిన 4 లేవు. ఉండి ఉంటే ఐర్లాండ్ మొత్తం 935. అప్పుడు బొడైన్ ఆఖరి గుండు తెల్లబిళ్ల లేపినా అమెరికా ఒక్క పాయింటుతో ఓడేది.

అంతేకాదు. 900, 1000 గజాలు రెండూ కలిపితే ఐర్లాండ్ 614, అమెరికా 608. దూరం పెరిగాక మెరుగ్గా కాల్చింది ఓడిన జట్టే. కాబట్టి 'కొత్త తుపాకీ పాత తుపాకీని ఓడించింది' అని మర్నాడు పత్రికలు ఊదరగొట్టినదాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ రోజు తేలింది ఒక్కటే, వెనక నుంచి నింపే తుపాకీ వెయ్యి గజాల దగ్గర పాతదానితో భుజం భుజం కలిపి నిలబడగలదని. ఏడాది కిందట ఆ మాటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

తీర్పు మరుసటి ఏడాది వచ్చింది. 1875 జూన్ 29. ఈసారి అమెరికావాళ్లే ఓడెక్కి డబ్లిన్ వెళ్లారు. డాలీమౌంట్ ఇసుక తీరంలో మళ్లీ అవే దూరాలు, అదే పోటీ. అమెరికా 967, ఐర్లాండ్ 929. ముప్ఫై ఎనిమిది పాయింట్ల తేడాకు తప్పు పలకల సాకు చాలదు. మూతి నుంచి దట్టించే తుపాకీకి పోటీ మైదానంలో రోజులు దగ్గరపడ్డాయి.

రిగ్బీ పాత పద్ధతిని పట్టుకు వేలాడే రకం కాదని తర్వాతి చరిత్ర చెబుతుంది. 1887లో బ్రిటిష్ ప్రభుత్వం అతన్ని ఎన్‌ఫీల్డ్ తుపాకీ కార్ఖానాకు అధికారిగా వేసింది. హెప్‌బర్న్ పేరు 1880లో వచ్చిన రెమింగ్టన్ తుపాకీకే పెట్టారు. మేజర్ లీచ్ 1874 పర్యటనలో అమెరికా గురికాళ్లకు ఓ వెండి కూజా బహూకరించాడు. లీచ్ కప్పు అంటారు. అమెరికా రైఫిల్ పోటీల్లో అన్నిటికన్నా పాత బహుమతి అదే.

నగరం పెరిగి క్రీడ్‌మూర్ మైదానాన్ని మింగేసింది. అక్కడ ఇప్పుడు మానసిక చికిత్సాలయం ఉంది, పేరు మాత్రం క్రీడ్‌మూర్ అనే. దూరపు గురికాళ్లు ఇవాళ ఎక్కువగా వాడే ఓ తూటాకు 2007లో ఆ పేరే పెట్టారు. ఎలిఫలెట్ కొలిమి నుంచి ఎదిగిన ఇలియన్ కార్ఖానా 2024 మార్చిలో మూతపడింది.

మిల్నర్ కొట్టిన ఆ బుల్స్ ఐకి స్కోరు పుస్తకంలో నేటికీ సున్నాయే. నిబంధన నిబంధనే, నేను అంపైరును అయినా సున్నాయే వేసేవాణ్ని. కాని 1874లో క్రీడ్‌మూర్‌లో ఎవరు బాగా కాల్చారని అడిగితే, ఒక్క పాయింటు తేడాతో ఐర్లాండ్ పేరే చెబుతాను.